హెండ్రా వైరస్: గబ్బిలం, గుర్రం, మనిషి

నిర్వచనం, పరిధి

హెండ్రా వైరస్ పండ్లు తినే పెద్ద గబ్బిలాల ఒంట్లో ఉంటుంది. ఎప్పుడైనా ఒకసారి వాటి నుంచి గుర్రాలకు, జబ్బుపడ్డ గుర్రాల నుంచి వాటికి దగ్గరగా మసలే మనుషులకు సోకుతుంది. సోకితే ప్రాణాంతకం కావచ్చు. ఇది పారామిక్సోవిరిడే కుటుంబంలో హెనిపావైరస్ ప్రజాతికి చెందింది. తట్టు, గవదబిళ్ళలు కలిగించే వైరస్‌లు కూడా ఇదే కుటుంబానివి. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో తొలిసారి బయటపడిన ఈ వైరస్, ఆ దేశపు తూర్పు ప్రాంతం దాటి మరెక్కడా జబ్బు రూపంలో కనిపించలేదు. ఇప్పటిదాకా నిర్ధారణ అయిన మానవ కేసులు ఏడు. వారిలో నలుగురు చనిపోయారు. భారతదేశంలో ఒక్క కేసూ లేదు.

ఏడే కేసులున్న వ్యాధికి విజ్ఞాన సర్వస్వంలో ఇంత చోటు ఎందుకన్న ప్రశ్న సహజమే. అయితే ఆ ఏడుగురూ ఎవరో చూస్తే ఈ వ్యాధి స్వభావం తేటపడుతుంది. ఒకరు పందెపు గుర్రాల శిక్షకుడు, ఒకరు ఆయన గుర్రపుశాలలో పనిచేసే మనిషి, ఒకరు గుర్రాల శవపరీక్షకు సాయపడిన రైతు, ముగ్గురు పశువైద్యులు, ఒకరు పశువైద్యశాల నర్సు. దారిన పోయేవారు ఒక్కరూ లేరు. గబ్బిలాల చెట్ల కింద ఇళ్ళున్నవారూ లేరు. అందరూ జబ్బు గుర్రాన్నో, జబ్బు బయటపడబోయే గుర్రాన్నో, చచ్చిన గుర్రాన్నో చేత్తో తాకినవారే. దీన్నిబట్టి ఈ వ్యాసం ఒక మాట ప్రతిపాదిస్తుంది. హెండ్రానూ, ఆ దారిలో వచ్చే మరే వైరస్‌నూ అందరికంటే ముందు ఆపగలిగేది గుర్రం పక్కన నిలబడే మనిషి. ఆ మనిషికి రక్షణ, సమాచారం, నష్టపరిహారం లేని ఊళ్ళో ఎంత గొప్ప ఆసుపత్రి ఉన్నా జబ్బు చేయి దాటాకే తెలుస్తుంది. హైదరాబాద్ ఈ విషయంలో ఆలోచించవలసిన ఊరు.

చరిత్ర

1994 సెప్టెంబరులో బ్రిస్బేన్ నగరంలోని హెండ్రా అనే పేటలో, పందెపు గుర్రాల శాలకు ఊరి శివారు పచ్చికబయలు నుంచి చూలుతో ఉన్న ఒక ఆడగుర్రాన్ని తెచ్చారు. మేత ముట్టలేదు, జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. శిక్షకుడు, శాలలో పనివాడు దాని మూతి పట్టుకొని చేత్తో మేత తినిపించే ప్రయత్నం చేశారు. రెండు రోజుల్లో అది చనిపోయింది. కొద్ది రోజుల్లోనే పక్క కొట్టాల్లోని గుర్రాలు ఒక్కొక్కటిగా పడిపోసాగాయి. మొత్తం 21 గుర్రాలకు సోకింది, 14 పోయాయి. గుర్రాన్ని సాకిన ఇద్దరికీ ఫ్లూ లాంటి జబ్బు వచ్చింది. పనివాడు కోలుకున్నాడు. శిక్షకుడు ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని మరణించాడు. జీలాంగ్ నగరంలోని జాతీయ పశు ఆరోగ్య ప్రయోగశాల కొన్ని వారాల్లోనే వైరస్‌ను వేరు చేసి, తట్టు వైరస్‌కు దగ్గరగా ఉందన్న అంచనాతో మొదట దానికి అశ్వ మార్బిల్లీవైరస్ అని పేరు పెట్టింది. తర్వాత పేట పేరే స్థిరపడింది.

అంతకు నెల ముందే, అక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని మకాయ్ దగ్గర రెండు గుర్రాలు చనిపోయాయని తర్వాత తెలిసింది. పశువైద్యురాలైన భార్య వాటికి శవపరీక్ష చేస్తుంటే రైతు సాయపడ్డాడు. ఆయనకు కొద్దిపాటి మెదడు పొరల వాపు వచ్చి తగ్గింది. ఏడాది దాటాక, 1995 అక్టోబరులో, అదే వైరస్ మెదడువాపుగా తిరగబెట్టి ఆయన ప్రాణం తీసింది. తగ్గిపోయిందనుకున్న వైరస్ నెలల తరబడి శరీరంలో దాగి ఉండగలదన్న విషయం వైద్యులకు అప్పుడే తెలిసింది. దగ్గరి బంధువైన నీపా వైరస్‌లో కూడా ఈ గుణం కనిపించింది (చూ. నీపా వైరస్).

2004లో కెయిర్న్స్ దగ్గర గుర్రానికి శవపరీక్ష చేసిన ఒక పశువైద్యురాలికి సోకింది, ఆమె బతికింది. 2008లో బ్రిస్బేన్ శివారులోని ఒక అశ్వ వైద్యశాలలో జరిగినది ఇంకా కలవరపెట్టే సంగతి. అక్కడి గుర్రాలకు ఊపిరాడకపోవడం కంటే తూలడం, తల వాలిపోవడం వంటి నరాల లక్షణాలే ఎక్కువగా కనిపించడంతో మొదట హెండ్రా అన్న అనుమానమే రాలేదు. ఒక గుర్రానికి వేరే సమస్య కోసం రోజూ ముక్కు లోపల కడుగుతూ వచ్చారు. అది అప్పటికే వైరస్ పొదిగే దశలో ఉంది, పైకి ఆరోగ్యంగానే కనిపించింది. ఆ పని చేసిన వైద్యుడికి, నర్సుకు వైరస్ సోకింది. వైద్యుడు చనిపోయాడు, నర్సు బతికింది. 2009లో రాక్‌హాంప్టన్ ప్రాంతంలో మరో పశువైద్యుడు బలయ్యాడు. ఆ తర్వాత మనుషుల్లో కొత్త కేసు నమోదు కాలేదు. గుర్రాల్లో మాత్రం ఆగలేదు. 2011 ఒక్క ఏడాదిలోనే క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్‌లలో 18 చోట్ల వ్యాధి బయటపడి 23 గుర్రాలు చనిపోయాయి. అదే ఏడాది ఒక కుక్కలో కూడా వైరస్ సోకిన ఆనవాళ్ళు దొరికాయి. 2025 జూలైలో క్వీన్స్‌లాండ్‌లో మళ్ళీ ఒక గుర్రం ఈ జబ్బుతో పోయింది. అంతకు ముందు ఆ రాష్ట్రంలో నమోదైన కేసు 2022 నాటిది.

వైరస్ స్వరూపం, రకాలు

హెండ్రా వైరస్ జన్యుపదార్థం ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ, సుమారు 18,200 అక్షరాల పొడవు. పై పొరలో ఉండే జి ప్రోటీన్ కణానికి అతుక్కుంటుంది, ఎఫ్ ప్రోటీన్ వైరస్ పొరను కణపు పొరతో కలిపేస్తుంది. అతుక్కునే చోటు ఎఫ్రిన్-బి2 అనే కణపదార్థం. రక్తనాళాల లోపలి గోడల్లోనూ నాడీకణాల్లోనూ అది పుష్కలంగా ఉండటం వల్లే ఊపిరితిత్తులు, మెదడు ఈ జబ్బుకు ఎక్కువగా గురవుతాయి. గబ్బిలాల్లో, గుర్రాల్లో, మనుషుల్లో ఆ పదార్థం దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి వైరస్ జాతి దాటడం తేలికవుతుంది. ఇప్పటికి రెండు జన్యురకాలు తెలుసు. రెండో రకాన్ని 2021లో గుర్తించారు. 2015లో చనిపోయిన ఒక గుర్రం నుంచి దాచిన నమూనాను మళ్ళీ పరీక్షించినప్పుడు అది బయటపడింది. అంతకాలం వాడిన పరీక్ష ఆ రకాన్ని పట్టలేకపోయింది. నెగటివ్ అని వచ్చిన ఫలితాన్ని ఆఖరి మాటగా తీసుకోకూడదనడానికి ఇదొక గట్టి ఉదాహరణ.

సంక్రమణ క్రమం

వైరస్ అసలు ఆశ్రయం టెరోపస్ ప్రజాతి గబ్బిలాలని 1996లో తేలింది. వాటికి జబ్బు చేయదు. మూత్రంలో, లాలాజలంలో వైరస్ బయటికొస్తుంది. అవి వాలే చెట్టు కింద గడ్డిమీద, మేతతొట్టిలో, నీళ్ళతొట్టిలో అది పడితే మేసే గుర్రానికి చేరుతుంది. ఒక గుర్రం నుంచి మరోదానికి సోకాలంటే బాగా దగ్గర సంపర్కం ఉండాలి, లేదా మనుషుల చేతులు, పరికరాలు మోసుకుపోవాలి. గుర్రం నుంచి మనిషికి చేరే దారి నురగతో కూడిన ముక్కుస్రావం, లాలాజలం, రక్తం, శవపరీక్షలో తాకే అవయవాలు. మనిషి నుంచి మనిషికి పాకిన దాఖలా లేదు. గబ్బిలాల నుంచి నేరుగా మనిషికి సోకిన దాఖలా కూడా లేదు. గాయపడ్డ గబ్బిలాలను ఇళ్ళల్లో పెంచి సాకే 128 మందిని పరీక్షిస్తే ఒక్కరిలోనూ ప్రతిరక్షకాలు కనిపించలేదు. గుర్రం మధ్యలో వంతెనలా ఉండి, గబ్బిలంలో కొద్దిగా ఉన్న వైరస్‌ను తన ఒంట్లో విపరీతంగా పెంచి మనిషి ముందు ఉంచుతోంది.

గబ్బిలాల్లో ఎప్పటినుంచో ఉన్న వైరస్ ఇటీవలి దశాబ్దాల్లోనే తరచుగా గుర్రాలకు ఎందుకు దిగుతోందన్న ప్రశ్నకు పాతికేళ్ళ లెక్కలు సమాధానం చెప్పాయి. 1996 నుంచి 2020 వరకు సేకరించిన సమాచారంతో 2022లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారం, చలికాలంలో పూచే చెట్ల అడవులు నరికివేతకు గురవడంతో గబ్బిలాలకు ఆ రుతువులో తేనె కరవైంది. ఎల్ నినో ఏడాది తర్వాత పూత మరీ తగ్గితే పెద్ద గుంపులు చిన్నచిన్నగా చీలి ఊళ్ళలోకి, పచ్చికబయళ్ళలోకి చేరతాయి. అక్కడ దొరికిందేదో తిని బతుకుతాయి. ఆకలితో నీరసించినప్పుడు వైరస్‌ను ఎక్కువగా విడుస్తాయి. చలికాలంలో అడవులు విరగబూసిన ఏళ్ళలో మాత్రం గబ్బిలాలు పొలాలు వదిలి అడవికి పోయాయి, గుర్రాలకు వ్యాధి దిగడం ఆగిపోయింది. వ్యాధి రాకడకు ముందస్తు సూచన చెట్ల పూతలో కనిపిస్తుందని చూపిన ఈ ఫలితం, నా లెక్కలో, హెండ్రాపై జరిగిన పనిలో అన్నిటికంటే విలువైనది.

లక్షణాలు, నిర్ధారణ

గుర్రంలో వైరస్ పొదిగే కాలం 5 నుంచి 16 రోజులు. ఉన్నట్టుండి జ్వరం, గుండె దడ, ఆయాసం, ముక్కు నుంచి నురగ, నిలకడ లేకుండా కాళ్ళు మార్చడం, తూలడం, చూపు మందగించడం కనిపిస్తాయి. లక్షణాలు మొదలయ్యాక రెండు మూడు రోజుల్లోనే చాలా గుర్రాలు చనిపోతాయి. ప్రతి నాలుగింటిలో సుమారు మూడు పోతాయి. ముక్కుస్రావంలో వైరస్ మాత్రం లక్షణాలకు రెండు మూడు రోజుల ముందే కనిపించవచ్చు. ఆ రెండు మూడు రోజులే గుర్రాన్ని చూసుకునేవాడికి అత్యంత ప్రమాదం. మనుషుల్లో పొదిగే కాలం 5 నుంచి 21 రోజులు. జ్వరం, దగ్గు, గొంతునొప్పి, తలనొప్పి, ఒళ్ళునొప్పులతో మొదలై న్యుమోనియాకో మెదడువాపుకో దారితీస్తుంది. నిర్ధారణకు ఆర్‌టీ-పీసీఆర్, ప్రతిరక్షకాల పరీక్షలు ఉన్నాయి. వైరస్‌ను పెంచి పరిశీలించాలంటే నాలుగో స్థాయి జీవభద్రత ఉన్న ప్రయోగశాల తప్పనిసరి. మన దేశంలో మానవ వ్యాధుల కోసం అలాంటి ప్రయోగశాల పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో 2012లో ప్రారంభమైంది.

నివారణ, చికిత్స

మనుషులకు అనుమతి పొందిన టీకా గానీ మందు గానీ లేదు. ఎమ్102.4 అనే ప్రతిరక్షకాన్ని, వైరస్ తగిలిందని అనుమానమున్నవారికి 2010 నుంచి ఆస్ట్రేలియాలో ప్రత్యేక అనుమతితో ఇస్తున్నారు. 40 మంది ఆరోగ్యవంతులపై జరిపిన తొలిదశ పరీక్షలో అది సురక్షితమని 2020లో వెల్లడైంది. 2018లో కేరళలో నీపా విజృంభించినప్పుడు ఆ మందును ఆస్ట్రేలియా నుంచే తెప్పించారు. గుర్రాల టీకా 2012 నవంబరులో వచ్చింది. వైరస్ మొత్తాన్ని వాడకుండా జి ప్రోటీన్ ముక్కను మాత్రమే వాడి చేసిన టీకా అది. మనుషులను కాపాడటానికి జంతువుకు వేసే టీకా ఇది. వేయించుకున్న గుర్రం వైరస్‌ను పెంచి బయటికి వదలదు. సూది పడిన చోట వాపు వస్తుందని, ఖర్చు ఎక్కువని కొందరు యజమానులు టీకా వేయించలేదు. టీకా లేని జబ్బు గుర్రాన్ని ముట్టుకోబోమని కొందరు వైద్యులు తేల్చిచెప్పారు. ఇద్దరి వాదనలోనూ న్యాయముంది. ప్రాణానికి తెగించి వైద్యం చేయమని ఏ వైద్యుణ్ణీ అడగలేం.

వైరస్ బయటి వాతావరణంలో మొండిది కాదు. ఎండ, ఎండిపోవడం, మామూలు సబ్బు దాన్ని చంపేస్తాయి. చల్లటి తడి చోట్ల మాత్రం కొంతకాలం బతుకుతుంది. అందుకే నివారణ సూత్రాలు సాదాసీదాగా ఉంటాయి. పూతకొచ్చిన, పండ్లున్న చెట్ల కింద మేత, నీళ్ళు పెట్టకూడదు. జబ్బు గుర్రాన్ని వేరుగా కట్టాలి. దాన్ని చూసుకునే మనుషులను వీలైనంత తగ్గించాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు లేకుండా ముక్కు, నోరు ముట్టకూడదు. అనుమానంతో చనిపోయిన గుర్రాన్ని నిపుణులు రాకుండా కోయకూడదు.

సమీప వ్యాధులు

గుర్రాలకూ మనుషులకూ ప్రమాదం తెచ్చే వ్యాధులు ఇంకా ఉన్నాయి, దారులు మాత్రం వేరు. జపనీస్ మెదడువాపు, వెస్ట్ నైల్ వైరస్‌లు దోమల ద్వారా గుర్రానికీ మనిషికీ విడివిడిగా సోకుతాయి, గుర్రం నుంచి మనిషికి రావు. గ్లాండర్స్ బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు, గుర్రం నుంచి నేరుగా మనిషికి అంటగలదు. మన దేశంలో 2006లో మహారాష్ట్రలో అది తిరిగి తలెత్తింది (చూ. గ్లాండర్స్). హెండ్రాకు అన్నిటికంటే దగ్గరిది నీపా. 1998-99లో మలేసియాలో పందుల ద్వారా 265 మందికి సోకి 105 మందిని బలిగొంది. పది లక్షలకు పైగా పందులను చంపాల్సి వచ్చింది. భారతదేశంలో 2001లో సిలిగుడి, 2007లో నదియా, 2018 నుంచి పలుమార్లు కేరళ దాని దెబ్బ తిన్నాయి.

ఈ వ్యాస వాదానికి కీలకమైనది 2014లో ఫిలిప్పీన్స్‌లోని మిండనావో దీవిలో జరిగిన ఘటన. సుల్తాన్ కుదరత్ రాష్ట్రంలోని రెండు పల్లెల్లో గుర్రాలు తూలి పడి చచ్చాయి. జబ్బు గుర్రాలను కోసినవారికీ, ఆ మాంసం తిన్నవారికీ మెదడువాపు వచ్చింది. 17 మందికి సోకింది, 9 మంది చనిపోయారు. వారికి సేవ చేసినవారికి కూడా కొందరికి అంటింది. కారణం నీపా, లేదా దానికి అతి దగ్గరి హెనిపావైరస్ అని ఆధారాలు చూపాయి. గుర్రం ద్వారా మనిషికి చేరే దారి హెండ్రా ఒక్కదాని సొత్తు కాదనీ, ఆసియాలో కూడా ఆ దారి తెరుచుకోగలదనీ దీంతో రుజువైంది.

హైదరాబాద్ సందర్భం

ఒకప్పుడు నాంపల్లి స్టేషన్ ముందు జట్కాలు బారులు తీరేవి. ఇప్పుడు జట్కాలు పోయాయి, గుర్రాలు మాత్రం పోలేదు. మలక్‌పేట రేస్‌కోర్సులో పందెపు గుర్రాలున్నాయి. ముహూర్తాల రోజుల్లో అబిడ్స్, నాంపల్లి వీధుల్లో బరాత్ గుర్రాలు కనిపిస్తాయి. బ్యాండు మోతల మధ్య, పెట్రోమాక్స్ తరహా దీపాల వెలుగులో, ముఖమల్ జీను కట్టిన గుర్రం కళ్ళెం పట్టుకొని నిలబడే సైసు దాని ముక్కుకు జానెడు దూరంలో ఉంటాడు. అది తుమ్మితే తుంపర అతని ముఖం మీదే పడుతుంది. మూతిని అరచేత్తో తుడిచి, అదే చేత్తో బీడీ వెలిగిస్తాడు. హెండ్రా కేసులన్నిటిలో సోకిన దూరం ఇంతే. పందెపు గుర్రానికి వైద్యుడు, రికార్డు, బీమా ఉంటాయి. బరాత్ గుర్రానికి సాధారణంగా అవేవీ ఉండవు. జబ్బు చేస్తే నాటువైద్యం, ఆ తర్వాత అమ్మకం. 2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలు. 2012తో పోలిస్తే 45 శాతం తగ్గాయి. సంఖ్య తగ్గేకొద్దీ పట్టించుకునేవారూ తగ్గుతారు.

ఈ నగరపు గుర్రాల రాకపోకల మీద నిఘా ఎంత పలచగా ఉంటుందో 2025లో తెలిసింది. ఏప్రిల్ నెలాఖరు, మే మొదటి రోజుల్లో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరి పల్లెకు 57 గుర్రాలను లారీల్లో తరలించారు. చేరిన రెండు వారాల్లోపే వాటిలో ఎనిమిది చనిపోయాయి. గ్లాండర్స్ అనుమానంతో నమూనాలను హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపారు. పరీక్షించినవాటిలో అత్యధికం నెగటివ్‌గా వచ్చాయి. వాటిలో గ్లాండర్స్ తేలకపోవడం అదృష్టం. అయితే మండు వేసవిలో అన్ని గుర్రాలు రాష్ట్రాల సరిహద్దులు దాటి, చావులు మొదలయ్యాకే అధికారుల దృష్టికి రావడం వ్యవస్థ లోపం. అంటువ్యాధి అయి ఉంటే, బయల్దేరిన చోట వాటిని సాకినవారిలో ఎవరికి జ్వరం వచ్చిందో వెతకడానికి అప్పటికే ఆలస్యమై ఉండేది.

గబ్బిలాల సంగతికొస్తే, మన దేశపు పెద్ద పండ్ల గబ్బిలం కూడా టెరోపస్ ప్రజాతిదే. రావి, మర్రి, చింత చెట్లమీద వందలుగా వేలాడుతుంది. జామ, సపోటా, మామిడి, నాటుబాదం కాయలు కొరికి కింద పడేస్తుంది. పలు రాష్ట్రాల్లో ఈ గబ్బిలాల్లో నీపా ప్రతిరక్షకాలు దొరికాయి. తెలుగు రాష్ట్రాల్లో మనుషుల్లో నీపా నిర్ధారణ కాలేదు. బంగ్లాదేశ్‌లో ఖర్జూరపు చెట్టుకు రాత్రంతా కట్టి ఉంచిన కుండలో గబ్బిలాలు నాకిన పచ్చి రసం తాగి అనేకమంది చనిపోయారు. మన గీత కార్మికులు ఈతచెట్టుకు కట్టే లొట్టి కూడా రాత్రంతా చెట్టుమీదే ఉంటుంది. లొట్టి మూతికి తడికో గుడ్డో కట్టడం ఖర్చులేని జాగ్రత్త, గీత సంఘాలు దాన్ని ఆనవాయితీ చేస్తే మంచిది.

అరుదైన వైరస్ ఒకటి తెలుగు నేలను ఎలా ముంచిందో చెప్పడానికి చాందీపుర ఉంది. 1965లో నాగపూర్ దగ్గరి ఒక పల్లెలో దొరికిన ఆ వైరస్‌ను దాదాపు నలభై ఏళ్ళపాటు పెద్ద ప్రమాదంగా ఎవరూ లెక్కించలేదు. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 11 జిల్లాల్లో 329 మంది పిల్లలు మెదడువాపు బారిన పడ్డారు, 183 మంది చనిపోయారు. జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే చాలామంది పోయారు. పుణె ప్రయోగశాల చాందీపురను గుర్తించింది. అది నిజంగా మెదడువాపా, మెదడు రక్తనాళాల దెబ్బా అని హైదరాబాద్ వైద్యులు కొందరు ప్రశ్నించారు. ఆ చర్చ వైద్యశాస్త్రంలో నేటికీ విలువైనదే. అది గుర్రాలతో వచ్చిన జబ్బు కాదు, ఇసుక ఈగలు మోసేది. కానీ నాంపల్లి పక్కన రెడ్ హిల్స్‌లో ఉన్న నీలోఫర్ లాంటి పెద్ద పిల్లల ఆసుపత్రికి బిడ్డ చేరేసరికే చేతిలో కాలం మిగలదని అది నేర్పింది (చూ. చాందీపుర వైరస్). ఇంత వేగంగా చంపే జబ్బుల్లో సమయం దొరికేది రోగి ఆసుపత్రికి రాకముందే.

నగరపు పటం చూస్తే అసలు చిక్కు కనిపిస్తుంది. మనుషుల జబ్బులను చూసే ప్రజారోగ్య సంచాలక కార్యాలయం అబిడ్స్‌కు తూర్పున కోఠిలో ఉంది. పశువుల జబ్బులను చూసే పశుసంవర్ధక శాఖ కార్యాలయం నాంపల్లికి పడమర, మాసబ్ ట్యాంక్ దగ్గరి శాంతినగర్‌లో ఉంది. రెండింటి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. పశువైద్యుడు వింత జబ్బుతో పోయిన గుర్రం గురించి శాంతినగర్‌కు రాస్తే, ఆ గుర్రపు సైసుకు వచ్చిన జ్వరం గురించి బస్తీ దవాఖానా కోఠికి చెబుతుంది. ఆ రెండు కాగితాలూ ఒకే బల్లమీదకు అదే రోజు రావాలి. క్వీన్స్‌లాండ్‌లో గుర్రానికి హెండ్రా నిర్ధారణ కాగానే ఆరోగ్యశాఖ దాన్ని తాకిన ప్రతి మనిషినీ వెతికి 21 రోజులు కనిపెట్టి ఉంటుంది. 2009 తర్వాత గుర్రాలు చస్తున్నా మనుషులు చావకపోవడానికి టీకాతో పాటు ఈ పద్ధతి కూడా కారణమని నమ్మడానికి ఆధారాలున్నాయి.

అభ్యంతరాలు, వాటిపై విచారణ

హెండ్రా ఇక్కడ లేదు కదా, లేని జబ్బుకు ఏర్పాట్లెందుకని అడగవచ్చు. హెండ్రా మన దేశానికి ఎన్నడూ రాకపోవచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి. దిగుమతి గుర్రాలకు క్వారంటైన్ ఉంది, ఆస్ట్రేలియా గబ్బిలాలు ఇక్కడికి ఎగిరిరావు. కానీ పైన చెప్పిన ఏర్పాట్లేవీ హెండ్రాకే పరిమితం కావు. చేతి తొడుగు, మాస్కు, వేరు కొట్టం, శవపరీక్ష నియమం గ్లాండర్స్‌కూ పనికొస్తాయి, పిచ్చిపట్టిన గుర్రం నుంచి వచ్చే రేబీస్‌కూ పనికొస్తాయి, ఫిలిప్పీన్స్ తరహాలో నీపా గుర్రాల్లోకి దిగినా పనికొస్తాయి. వీటిలో మొదటి రెండూ దేశంలో ఇప్పటికే ఉన్నాయి.

గబ్బిలాలను చంపేస్తే సరిపోదా అన్నది రెండో మాట. ప్రతి నీపా వార్త తర్వాత ఊళ్ళలో చెట్లు నరకాలన్న కోరిక వినిపిస్తుంది. భయం అర్థం చేసుకోదగినదే, మార్గం మాత్రం తప్పు. ఉగాండాలోని కిటాకా గనిలో మార్బర్గ్ వైరస్ భయంతో గబ్బిలాలను పూర్తిగా తుడిచిపెట్టారు. కొన్నేళ్ళకు కొత్త గుంపు చేరింది, వాటిలో వైరస్ ఉన్న గబ్బిలాల శాతం మునుపటి కంటే పెరిగింది, ఆ ప్రాంతంలో మళ్ళీ వ్యాధి ప్రబలింది. హెండ్రా విషయంలో కూడా గూడు చెదిరి, ఆకలితో ఉన్న గబ్బిలమే ప్రమాదకరమని చూశాం. పైగా ఆదిలాబాద్ అడవుల్లో గోండులకు ఆధారమైన ఇప్ప వంటి చెట్ల విత్తనాలు దూరాలకు చేర్చేది ఈ గబ్బిలాలే. 1972 వన్యప్రాణి చట్టం వీటిని హానికర జంతువుల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో ఆ జాబితానే తొలగిపోయింది. ఆలస్యమైనా అది సరైన దిద్దుబాటు.

మూడోది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. నిబంధనలు పెరిగితే గుర్రం మీద బతికే పేదవాడు జబ్బును దాచేస్తాడు. 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం ప్రకారం గ్లాండర్స్ తేలిన గుర్రాన్ని చంపవలసిందే. ఒక్క గుర్రమే ఆస్తిగా ఉన్న కుటుంబానికి అది జీవనాధారం పోవడం. పరిహారం ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది. అయినా డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుందని తెలిసినవాడు, రాత్రికి రాత్రి గుర్రాన్ని మరో జిల్లాకు అమ్మేయడం ఆశ్చర్యం కాదు. ఈ అభ్యంతరం నిఘాను వద్దనడం లేదు, పరిహారాన్ని నిఘాలో మొదటి మెట్టుగా పెట్టమంటోంది. ఎండాకాలం హైదరాబాద్‌లో సైసును తల నుంచి కాలి దాకా రక్షణ దుస్తులు వేసుకోమనడం కూడా ఆచరణకు రాదు. ముక్కు కారుతున్న, తూలుతున్న, జ్వరంతో ఉన్న గుర్రం దగ్గర మాత్రం తొడుగులు, మాస్కు, ఆ తర్వాత సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవడం ఎవరైనా చేయగలిగినవే.

గుర్రాలున్నవారు, వాటిని అద్దెకిచ్చేవారు, పెళ్ళికి మాట్లాడుకునేవారు గుర్తుంచుకోవలసింది ఇది. జ్వరం, నురగ, తూలుడు కనిపించిన గుర్రాన్ని బరాత్‌కు పంపవద్దు, అమ్మవద్దు, చనిపోతే కోయవద్దు. దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలకు అదే రోజు చెప్పండి. ఆ గుర్రాన్ని తాకినవారికి మూడు వారాల్లోపు జ్వరం వస్తే, డాక్టరుకు మొట్టమొదట గుర్రం సంగతే చెప్పండి.